వాసన గవాహీ అవుతుందా?

తాగి బండి నడపడం జుర్మే. దాని మీద బహస్ అక్కర్లేదు. ఆ బండి కింద పడేది ఏ బిడ్డకో బాప్, ఏ అమ్మకో బేటా. అసలు సవాల్ ఇంకోటి. ఈ మనిషి తాగి ఉన్నాడని తేల్చేదెవరు? ఏ సుబూత్‌తో? విశాఖ మట్టిలో ఈ సవాల్‌కి రెండొందల ఏళ్ళ పైబడిన తారీఖ్ ఉంది.

1765లో షా ఆలం బాద్షా ఫర్మానాతో ఉత్తర సర్కార్లు కంపెనీ చేతికెళ్ళాయి. విశాఖ కూడా వాటిలోదే. హుకూమత్ మారింది గానీ ఫౌజుదారీ కానూన్ వెంటనే మారలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1802 రెగ్యులేషన్లతో వచ్చిన అదాలత్‌లు ఇస్లామీ ఫిఖ్హ్‌నే కొన్ని మార్పులతో నడిపాయి. దొర జడ్జీ అయితే, ఫత్వా చెప్పేది మన ఆలిం. 1862 జనవరి 1న ఇండియన్ పీనల్ కోడ్ అమల్లోకి వచ్చాకే ఆ దౌర్ ముగిసింది.

కంపెనీ దొరలు ఈ ఫిఖ్హ్‌ని అర్థం చేసుకోడానికి ముందేసుకున్న కితాబు 'హిదాయా'. పన్నెండో శతాబ్దంలో మర్గీనానీ రాసింది. చార్లెస్ హామిల్టన్ ఇంగ్లీషు తర్జుమా 1791లో అచ్చయింది. షరాబ్ గురించి అందులో ఒక మస్అలా ఉంది. నోటి నుంచి వాసన వచ్చినంత మాత్రాన హద్ వెయ్యకూడదు. ఆ వాసనకి ఇంకో సబబ్ ఉండొచ్చు. నిజంగా తాగినా, ఎవరైనా జబర్దస్తీగా పట్టించి ఉండొచ్చు. మాలికీ ఉలమా దీనికి ఇఖ్తిలాఫ్ చెప్పారు, వాసనని గవాహీగా ఒప్పుకున్నారు. హనఫీలు ఒప్పుకోలేదు. షుబా ఉన్నచోట హద్ ఆగిపోవాలన్నది వాళ్ళ ఉసూల్. షరాబ్‌ని హరామ్ అన్నవాళ్ళే షరాబీకి సజా వేసే ముందు ఇంత ఆలోచించారు. గుర్తుపెట్టుకోదగ్గ మాట ఇది.

మోటారు వచ్చాక కథ మారింది. 1897 సెప్టెంబరులో లండన్‌లో జార్జ్ స్మిత్ అనే టాక్సీ డ్రైవర్ బండిని ఒక బిల్డింగుకి గుద్దేశాడు. తాగానని తనే ఒప్పుకున్నాడు. 25 షిల్లింగుల జుర్మానా పడింది. అప్పటికి ఊదే మిషన్ లేదు. మన దేశంలో 1939 మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ నషాకి మొదట ఇచ్చిన అర్థం కూడా మనిషి హాలత్ బట్టే: బండి మీద కాబూ తప్పేంతగా తాగి ఉండాలి. ఆ రోజుల్లో వకీలు దలీల్ అంతా నడక మీద, మాట మీద, కళ్ళ మీద నడిచేది.

1971లో సుప్రీంకోర్టు ముందుకి బచూభాయి హసనల్లీ కర్యానీ కేసు వచ్చింది. డాక్టర్ గవాహీ ఏమిటంటే: నోరు వాసనేసింది, నడక తడబడింది, మాట తేడాగా ఉంది, కంటి పాపలు పెద్దవయ్యాయి. రక్త పరీక్ష లేదు, మూత్ర పరీక్షా లేదు. ఇంతమాత్రాన తాగాడని పక్కాగా తేల్చలేమని కోర్టు ఫైసలా చెప్పింది. జడ్జీలు హిదాయా తిరగేశారని నేననను. కానీ ఇన్సాఫ్ వెతుక్కుంటూ రెండు దారుల్లో వెళ్ళినవాళ్ళు ఒక్కచోటే కలిశారు.

తర్వాత కానూన్ మిషన్ వైపు తిరిగింది. 1988 చట్టం 185వ సెక్షన్ ముందు రక్తంలో ఏ కొంచెం ఆల్కహాల్ ఉన్నా జుర్మే అంది. 1994 సవరణ దానికి హద్దు గీసింది: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే. ఇంగ్లండ్ 1967లో గీసుకున్న హద్దు 80. అంటే మనది సఖ్త్ కానూన్. 2019 నుంచి మొదటిసారికి 10,000 రూపాయల జుర్మానా, ఆర్నెల్ల దాకా ఖైద్, లేదా రెండూ. రెండోసారికి 15,000, రెండేళ్ళు.

సఖ్తీతో పాటు అదే చట్టం ముల్జిమ్‌కి కొన్ని హకూఖ్ కూడా ఇచ్చింది. 202వ సెక్షన్ ప్రకారం వారంట్ లేకుండా అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు రిజిస్టర్డ్ డాక్టర్‌తో పరీక్ష చేయించాలి. లేదంటే వదిలెయ్యాలి. 204 రక్త పరీక్షకి దారి చూపుతుంది. కానీ 'నేను ఊదను' అని మొండికేయడం బచావ్ కాదు. సరైన వజా లేకుండా నిరాకరిస్తే 205 కింద అదే ఎదురు తిరుగుతుంది. తాగినవాడి బండి జప్తు చేసే అధికారం పోలీసులకి లేదని, తాగని మనిషికి అప్పజెప్పాలని 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు చెప్పింది.

ఈ హకూఖ్ ఎవరికి అందుతున్నాయి? ముంబయిలో సల్మాన్ ఖాన్ కేసులో రక్తంలో 0.062 శాతం అని రిపోర్టు ఉంది. ఆ శాంపిల్ ఎవరి చేతుల నుంచి ఎవరి చేతుల్లోకి వెళ్ళిందో వకీళ్ళు ఒక్కొక్కటీ నిలదీశారు. 2015 డిసెంబరులో హైకోర్టు బరీ చేసింది. మన పోర్టు లారీ డ్రైవర్‌కి, గాజువాక ఆటోవాలాకి అలాంటి వకీలు ఎక్కడ దొరుకుతాడు? ఒకరోజు కోర్టు చుట్టూ తిరిగితే ఆ రోజు రోజీ పోయినట్టే. అందుకే చాలామంది వరసలో నిలబడి 'ఔను సార్' అనేస్తారు. 2023 మార్చిలో విశాఖలో ఇలా పట్టుబడిన 52 మందిని కోర్టు బీచ్‌లో చెత్త ఏరమంది. జైలు కన్నా అది మేలే. తాగినవాడికి సిగ్గు తెలియడమూ మంచిదే. కానీ ఆ వరసలో దగ్గు మందు తాగి వచ్చినవాడు ఒక్కడున్నా, వాడి మాట వినేవాళ్ళుండాలి.

తాగినవాడు స్టీరింగ్ ముట్టుకోకూడదు. తాగనివాడు జుర్మ్ ఒప్పుకోకూడదు. ఈ రెండూ ఒకే ఇన్సాఫ్. మిషన్ ఒక అంకె చెప్తుంది. ఆ అంకె సరైనదేనా, మిషన్ సరిగ్గా పనిచేస్తోందా, డాక్టర్ చూశాడా అని అడగడం గుస్తాఖీ కాదు, హక్. మన డ్రైవర్ భాయిలకి లైసెన్సుతో పాటు ఈ నాలుగు సెక్షన్లూ నేర్పాల్సిన జిమ్మేదారీ మన యూనియన్లది, మన మొహల్లా కమిటీలది, మనలో నల్లకోటు వేసుకున్న ప్రతి ఒక్కరిదీ.