నల్లమల దారి: నాడును నేడును

మన మెట్టసీమనుండి శ్రీశైలమునకు పోవుట నేడు ఒక పగటి పని. జి.కొండూరులోనో, నందిగామలోనో, జగ్గయ్యపేటలోనో పది కుటుంబములవారు కలిసి ఒక బస్సు మాట్లాడుకొని, కోడికూతవేళకు బయలుదేరినచో, చీకటి పడక మునుపే మల్లికార్జునుని సన్నిధిని చేరవచ్చును. జి.కొండూరునుండి బెజవాడ, గుంటూరు, నరసరావుపేట, వినుకొండలమీదుగా దోర్నాలకు పోయి, అచ్చట నల్లమలలో ప్రవేశింతురు. మొత్తము దారి సుమారు మూడువందల కిలోమీటర్లు. అందు కడపటి యాబది కిలోమీటర్లును అడవిదారి. ఆ యాబది కిలోమీటర్ల చరిత్రను గూర్చియే ఈ ప్రసంగము.

మోటారు దారి లేని కాలమున ఈ కడపటి భాగమే యాత్రకెల్ల కష్టతరమైనది. మైదానమున ఎడ్లబండ్లు నడచినవి. కృష్ణను పడవలపై దాటినారు. కొండ మొదలు చేరునప్పటికి బండి పని ముగిసెడిది. అటుపై కాలినడకయే శరణ్యము, కలిగినవారికి డోలీ. పులియు, ఎలుగుబంటియు, మన్యపు జ్వరమును, నీటికొరతయు, దొంగల భయమును దారిపొడుగున వెంటాడెడివి. కావుననే ఒంటరిగా ఎవ్వరును పోయెడివారు కారు. జట్టు కూడి, వంటసామగ్రి కట్టుకొని, ముందొకరు వెనుకొకరు కాపుండగా నడచెడివారు. నేడు జట్టుగా పోవుట ఖర్చు కలిసివచ్చుటకు. నాడు ప్రాణము నిలుపుకొనుటకు. కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమను సామెత మన పెద్దలు ఊరక పుట్టించినది కాదు. శ్రీశైలయాత్రకును అది వర్తించెడిది.

ఇట్టి దారిని సుగమము చేయుట రాజులు పుణ్యకార్యముగా ఎంచిరి. పదునాలుగవ శతాబ్దిలో రెడ్డిరాజ్యమును స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును, అహోబలమునకును సోపానములు కట్టించెను. ఆ వంశపువాడే అనవేమారెడ్డి 1377లో శ్రీశైలమున వీరశిరోమండపమును నిర్మించెను. జి.కొండూరు చేరువనే నిలిచియున్న కొండపల్లి దుర్గమును ఆ రెడ్డిరాజుల కాలపు కట్టడమే. మన కొండపై కోటగోడ పేర్చిన ఏలుబడియే నల్లమలకొండపై మెట్లు పేర్చినదన్నమాట. ఒకటి శత్రువును రానీయకుండుటకు, మరియొకటి భక్తుని రానిచ్చుటకు. తరువాత శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీటిని గెలిచి, శ్రీశైలమును దర్శించి, రథవీధిలో మండపములు కట్టించెను. కొండపల్లియు ఆ దండయాత్రలోనే ఆయన వశమాయెను.

ఈ దారిని స్వయముగా నడచి వ్రాసియుంచినవారిలో ఇద్దరిని చెప్పుకొందము. స్థలచరిత్రల సేకరణముచే ప్రసిద్ధుడైన కాలిన్ మెకంజీ 1794లో శ్రీశైలము చూచి, అచ్చటి ఆలయమును, ప్రాకారపు శిల్పములను వర్ణించెను. 1830 మే 18న చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య రెండవవాడు. ఆయన వెంట నూరుమందివరకు పరివారముండెను. ఆత్మకూరునుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొల్లముల మీదుగా ఆయన కొండ యెక్కెను. దారిలోని మజిలీలను, నీటివసతులను, యాత్రికులనుండి కందనూరు నవాబు పుచ్చుకొను సుంకములను గూర్చి కాశీయాత్ర చరిత్రలో ఆయన చెప్పినాడు. తరువాత నడువబోవువారికి ఉపయోగించునను తలపుతో వ్రాసిన వ్రాత అది.

అయితే, రాజు మెట్లు కట్టవచ్చును, నవాబు సుంకము గొనవచ్చును. అడవిలో దారి చూపినవాడు మాత్రము చెంచు. ఏ లోయలో ఏ ఋతువున నీరుండునో, ఏ వేళకు ఏ మృగము తిరుగునో అతనికే ఎరుక. యాత్రికుల వెంట నడచి, వారిచ్చు స్వల్పమైన కూలితో తృప్తిపడుట అతని వృత్తులలో నొకటి. మల్లికార్జునుడు తమ ఆడుబిడ్డను పెండ్లాడెనని చెప్పుకొని, చెంచులు ఆయనను చెంచుమల్లయ్య యని పిలుచుకొందురు. భక్తునకు దేవుడైనవాడు చెంచునకు ఇంటి యల్లుడు.

మైదానపువారికి చెంచులతో గల సంబంధము అన్నివేళలను ఇట్టి మైత్రితోనే సాగినది కాదు. తన తండ్రి పేర జగ్గయ్యపేటను నిలిపిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు పదునెనిమిదవ శతాబ్ది తుదిని మన ప్రాంతమున ప్రసిద్ధుడైన జమీందారు, మహాదాత. ఆయన యెడ ఒక జనశ్రుతి కలదు. గ్రామములను దోచుచున్నారను కినుకతో ఆయన చెంచులను విందు నెపమున పిలిపించి శిరచ్ఛేదము చేయించెననియు, ఆ చోటు నరుకుళ్లపాడైనదనియు, పిదప పశ్చాత్తాపముచే అన్నము సహింపక అమరావతిలో అమరేశ్వరుని సేవలో శేషజీవితము గడపెననియు చెప్పుదురు. దీనిని మనము జనశ్రుతిగానే గ్రహింపవలెను. కాని రెండువందల యేండ్లుగా జనము దీనిని మరువకుండుట గమనింపదగినది. దానములను తలచిన నోటితోనే ఈ కథయును చెప్పుచు వచ్చిరి. దాత కీర్తికి మాయని మచ్చగా చెంచుల మరణమును నిలిపినది సామాన్యజనుల న్యాయబుద్ధియే.

ఇప్పుడు ఘాటురోడ్డు వచ్చినది. దాని మేలును తక్కువ చేసి చెప్పరాదు. నాడు డోలీకి డబ్బులేక, నడువ శక్తిలేక, శిఖరదర్శనము కోరికగానే మిగిలిన ముసలివారెందరో, చంటిబిడ్డల తల్లులెందరో! నేడు వారందరును కిటికీ ప్రక్కన కూర్చుండి శిఖరేశ్వరమును, హాటకేశ్వరమును, సాక్షి గణపతిని చూచుకొనుచు పోవుచున్నారు. ఇది చిన్న లాభము కాదు. అయినను ఒకటి పోయినది. నడచినవాడు చెంచు వెనుక నడచినాడు, అతడు చూపిన నీరు త్రాగినాడు, అతనితో మాటలాడినాడు. బస్సులోనివానికి చెంచుగూడెము నిమిషములో దాటిపోవు నాలుగు గుడిసెలు మాత్రమే.

అడవియు మునుపటి అడవి కాదు. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలము అరణ్యము పులుల సంరక్షణకేంద్రమైనది. దేశములోని అట్టి కేంద్రములలో విస్తీర్ణమున ఇదియే పెద్దది. మృగముల రాకపోకలకై రాత్రివేళ ఈ దారిని మూసియుంతురు. పూర్వము పులిని చూచి మనిషి ఆగెడివాడు. ఇప్పుడు పులికొరకు మనిషిని ఆపవలసివచ్చినది.

కావున యాత్రకు పోవువారు కొన్ని సంగతులు జ్ఞప్తియందుంచుకొనుట మంచిది. దోర్నాలకు పొద్దుండగనే చేరవలెను. దారిలో కోతులకు తిండి విసరరాదు. దానికి మరిగి అవి రోడ్డుమీదకు వచ్చి చక్రములక్రింద పడుచున్నవి. తిన్న పొట్లములు అడవిలో పారవేయరాదు. తేనె కొనదలచినచో, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అంగడిలో కొనుడు. చెంచులు కొండచరియలనుండి తీసినదానికి ధర వారికి ముట్టును. ఓపిక గలవారు, శివరాత్రికి నేటికిని వేలకొలది జనము నడచు నాగలూటి దారిలో, ఆ పాతమెట్లను ఒకమారు ఎక్కి చూడుడు. వానిని కట్టించిన రాజుల పేర్లు శాసనములకెక్కినవి. ఆ మెట్లవరకు తరతరములుగా దారి చూపినవారి పేర్లు ఏ రాతిమీదను లేవు. వారి మనుమలు మాత్రము ఆ అడవిలోనే యున్నారు.