గుండ్లకమ్మలో ఆ బుధవారం

1878 జులై 3. ధాత కరువు రెండేళ్లపాటు నెల్లూరు జిల్లాను పీల్చి పిప్పి చేసి ఇప్పుడిప్పుడే వదులుతోంది. మీరు నెల్లూరు నుంచి మద్రాసు రోడ్డు పట్టుకుని ఉత్తరానికి నడవండి. ఒంగోలు దాటాక పది మైళ్లకు వెల్లంపల్లి, పక్కనే గుండ్లకమ్మ. అప్పటికి ఇదంతా నెల్లూరు జిల్లానే.

పొద్దున ఆరు కొట్టింది. ఏట్లో ఇద్దరు తెలుగు బోధకులు పక్కపక్కన నిలబడి ఉన్నారు. గట్టు మీద చిట్టా చూసి పేరు పిలుస్తారు. ఆ పేరు గల మనిషి దిగుతాడు, ఒక్క మునక, పైకి లేస్తాడు. నీళ్లు కారుతున్న తలతో అతను గట్టెక్కుతుండగానే ఇంకో పేరు. మీ ముందున్న ఆడమనిషి కొంగు నడుముకు బిగించుకుంటోంది. ఆమె అరచేతులు చూడండి, తట్టలు మోసి కాయలు కాచాయి. బకింగ్‌హాం కాలువ తవ్విన చేతులవి.

ఆ కాలువలో మూడున్నర మైళ్ల పని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాంట్రాక్టు తీసుకున్నాడు. తిండికి లేని వేలమందికి కూలి దొరికింది. ఆయన బోధకులే మేస్త్రీలు. పని ఆగినప్పుడల్లా కూలీల మధ్య కూర్చుని మాట్లాడేవాళ్లు. ఇవాళ మాత్రం దొర నీళ్లలోకి దిగలేదు. బాప్తిస్మం ఇస్తున్నది ఆరుగురు బోధకులే, ఇద్దరిద్దరు వంతులవారీగా. పదకొండుకు ఆపారు, రెండింటికి మళ్లీ మొదలుపెట్టారు, అయిదుకు ముగించారు. ఆ ఒక్కరోజే 2,222 మంది. ముందురోజు 614, మర్నాడు 700.

"గంజి కోసం మతంలో కలిశారు." నూట నలభై ఏళ్లు దాటినా ఈ మాట మన పల్లెల్లో చావలేదు. మిషన్ లోపలా, అమెరికాలోనూ ఇంతమందికి ఒక్కసారిగా బాప్తిస్మమేమిటని అనుమానపడ్డవాళ్లున్నారు. అనుమానం ఊరికే పుట్టలేదు. కూలి ఇచ్చిన చేయీ, మతం చెప్పిన నోరూ ఒకటే. దీన్ని దాచాల్సిన పని లేదు.

కానీ కరువు కాలంలో పదిహేను నెలలపాటు క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్లను తిప్పి పంపాడు. కాలువ పని అయిపోయి, పంచడానికి డబ్బు లేదని చెప్పాకే జూన్‌లో తలుపు తీశాడు. అంతకంటే నాకు గట్టిగా కనిపించే సాక్ష్యం ఇంకొకటుంది. తోళ్ల వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య 1866లోనే కలిశాడు. కరువుకు పదేళ్ల ముందు! ఆయన వెంట నడిచిన మాదిగలు జాతరలో డప్పు కొట్టం, చచ్చిన గొడ్డు మాంసం తినం, ఆదివారం వెట్టికి రాం అన్నారు. కరణాలూ మునసబులూ ఊరుకుంటారా? నీళ్లకు అడ్డుపడ్డారు, అంగట్లో సరుకు ఇవ్వనివ్వలేదు, దొంగ కేసులు బనాయించారు. ఒంగోలు మిషన్ బడిలో మాదిగలు చేరగానే పెద్దకులాల పిల్లలు బయటికి నడిచారు. అప్పటికి గంజి ఎక్కడిది? కలిసినందుకు ఉన్న కూడు కూడా పోయింది.

అసలు గంజి కోసమా అన్న ప్రశ్న మాదిగనే ఎందుకు అడుగుతాం? మాన్యాల కోసం, ఉద్యోగాల కోసం రాజుల దగ్గరికీ దొరల దగ్గరికీ చేరినవాళ్ల మనసు లోతెంతో ఎవరూ కొలవలేదు. ఆకలి ఉన్నవాడికి ఆత్మాభిమానం ఉండదని ముందే తీర్మానించుకున్నాకే ఆ మాట నోటికొస్తుంది. ఆ మాట అన్యాయమని నా నమ్మకం.

మతం మారినవాళ్ల తగవు ఇప్పటికీ తెగలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. అందుకే గుండ్లకమ్మలో మునిగినవాళ్ల వారసుల్లో ఎందరో ఆదివారం చర్చికి వెళ్తూ, కాగితాల మీద హిందువులుగానే మిగిలారు. ఈ నిబంధన సంగతి చూడమని 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. ఆ కమిషన్ ఏం చెప్పినా, పేరయ్య వెంట నడిచినవాళ్లు డప్పు వద్దన్న రోజును కూడా లెక్కలోకి తీసుకోవాలి.