మెదడు స్కానింగ్, సినిమా డబ్బింగ్: ఒకే క్యాంపస్‌లో రెండు పనులు

ఆత్మకూర్ (ఎస్) మండలంలో ఎవరింట్లోనైనా పెద్దవాళ్లకు మతిమరుపు మొదలైతే సూర్యాపేటకో, హైదరాబాద్‌కో తీసుకెళ్తారు. డాక్టర్ ఎంఆర్ఐ రాస్తారు. రిపోర్టులో మెదడు కాస్త కుంచించుకుపోయిందని ఉంటే ఇల్లంతా కంగారు. సరే, కుంచించుకుపోయిందని దేనితో పోల్చి చెప్తున్నారు?

రేడియాలజిస్టు కంటితో చూసి చెప్పేది ఒకటి, సాఫ్ట్‌వేర్ కొలిచి చెప్పేది ఇంకొకటి. సాఫ్ట్‌వేర్‌కు పోల్చుకోవడానికి ఒక నమూనా మెదడు కావాలి. దాన్నే బ్రెయిన్ అట్లాస్ అంటారు. ప్రపంచంలో ఎక్కువగా వాడే నమూనా కెనడాలోని మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌ది. 152 మంది స్కాన్‌లు కలిపి చేశారు, ప్రధానంగా తెల్లజాతివాళ్లవి. మనవాళ్లను వాటితో కొలిస్తే తేడా రాదా?

వస్తుందని 2019లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ చూపించింది. ప్రొఫెసర్ జయంతి శివస్వామి బృందం తిరువనంతపురం శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థతో కలిసి 50 మంది మగవాళ్లు, 50 మంది ఆడవాళ్ల స్కాన్‌లతో భారతీయ అట్లాస్ తయారుచేసింది. పేరు ఐబీఏ 100. మన మెదడు ఎత్తు, వెడల్పు, పరిమాణం సగటున కాస్త తక్కువని అందులో తేలింది. తెలివికీ దీనికీ సంబంధం లేదు. కానీ విదేశీ నమూనాతో కొలిస్తే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా అల్జీమర్స్ అనుకునే ప్రమాదం ఉంది. అందుకే పాత స్కాన్ ఫిల్ములు, సీడీలు పారేయొద్దు. మన పాత మెదడుతో మన కొత్త మెదడును పోల్చడం కన్నా మంచి కొలత లేదు.

అట్లాస్ కోసం కంప్యూటర్ వంద బొమ్మలను కొంచెం సాగదీసి, కొంచెం నొక్కి, ఒకదానిమీద ఒకటి సరిపోయేలా కూర్చుతుంది. సినిమా గ్రాఫిక్స్‌లో ఒక మొహాన్ని ఇంకో మొహంగా మార్చేటప్పుడు జరిగేదీ దాదాపు ఇదే.

ఇదే క్యాంపస్‌లో ఇంకో బృందం 2020లో వావ్‌2లిప్ అనే ప్రోగ్రాం తెచ్చింది. వీడియో ఒకటి, గొంతు ఒకటి ఇస్తే ఆ మాటలకు తగ్గట్టు పెదాలు కదిలిస్తుంది. ఏ భాషైనా పర్లేదు. మొహం కింది సగాన్ని మాత్రమే కొత్తగా గీస్తుంది. ఇంగ్లీషు పాఠాన్ని తెలుగులోకో ఉర్దూలోకో డబ్ చేస్తే పెదాలు మాటకు కలుస్తాయి, పిల్లలకు ఎంతో మేలు.

దుర్వినియోగం కూడా అంతే తేలిక. ఎవరో నాయకుడు అనని మాట అన్నట్టు వాట్సాప్‌లో వస్తే నోరు, గడ్డం చుట్టూ చూడండి: పళ్లు మసకగా, చర్మం రంగు తేడాగా కనబడొచ్చు. కనబడలేదంటే నిజమని కాదు, ఇప్పటి ప్రోగ్రాంలు ఇంకా నునుపుగా చేస్తున్నాయి. గల్ఫ్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో అర్జెంటుగా డబ్బులడిగితే, కట్ చేసి మీ దగ్గరున్న నంబర్‌కు మీరే చేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.