రిజ్జోకి 33, శ్రీదేవికి 15: టీనేజ్ అమ్మాయిల సినిమాల అసలు చరిత్ర

పోయిన వారం మా ఇంట్లో అటక సర్దుతుంటే ఒక డీవీడీ దొరికింది. కవర్ మీద నా ఫొటో, చుట్టూ గులాబీలు, రెండు పావురాలు, కింద బంగారు రంగు అక్షరాల్లో నా పేరు. నా ఓణీల ఫంక్షన్ వీడియో! ఇప్పుడు డీవీడీ ప్లేయర్ ఎవరింట్లో ఉంది చెప్పండి? పక్కింటి అంకుల్ పాత కంప్యూటర్‌లో వేసి చూశాం. రెండు గంటల నలభై నిమిషాలు. ఏడు సినిమా పాటలు. మా మేనమామ పట్టుచీర పళ్ళెం పట్టుకుని నడిచొచ్చే సీన్ స్లో మోషన్‌లో మూడుసార్లు. గుత్తి వంకాయ కూరకి విడిగా ఒక క్లోజప్. నాకు మాత్రం డైలాగ్ లేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. కుర్చీలో కూర్చుని ఉన్నాను, అక్షింతలు పడుతున్నాయి, అంతే.

పక్కనే కూర్చున్న మా పిన్ని కూతురు చిన్ని (తొమ్మిదో తరగతి) అంతా ఓపిగ్గా చూసి అడిగింది: "అక్కా, ఇందులో హీరో నువ్వా, మామయ్యా?"

ఆ ప్రశ్న పట్టుకునే ఈ ఎపిసోడ్. టీనేజ్ అమ్మాయిల మీద ప్రపంచం తీసిన సినిమాల్లో ఆ అమ్మాయి ఎంత ఉంది, పక్కవాళ్ళు ఎంత ఉన్నారు అని వెతికాను. దొరికినవి కొన్ని నవ్వొచ్చేవి, కొన్ని అంత నవ్వొచ్చేవి కావు.

ముందు వయసు సంగతి తేల్చేద్దాం. 1978లో అమెరికాలో 'గ్రీజ్' వచ్చింది. హైస్కూల్ కథ. హీరోయిన్ ఒలీవియా న్యూటన్ జాన్‌కి షూటింగ్ నాటికి 28 ఏళ్ళు. "స్కూల్ పిల్లలా కనపడతానా" అని తనకే అనుమానమొచ్చి, ముందు స్క్రీన్ టెస్ట్ చేయమని అడిగింది. పాపం మనస్సాక్షి ఉన్న మనిషి. ఆమె పక్కన రిజ్జో అనే అల్లరి పిల్లగా వేసిన స్టాకార్డ్ చానింగ్‌కి 33. ముప్ఫై మూడు! మా ఊళ్ళో ఆ వయసుకి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్తారు, క్లాస్‌కి కాదు.

హాలీవుడ్ ఇలా ఎందుకు చేస్తుందంటే దానికో కారణం ఉంది. కాలిఫోర్నియా చట్టం ప్రకారం మైనర్ పిల్లలు రోజుకి ఇన్ని గంటలే పని చేయాలి, సెట్‌లో వాళ్ళకో టీచర్ ఉండాలి, చదువు సాగాలి. నిర్మాతకి అదంతా ఖర్చు. పెద్దవాళ్ళని తీసుకుంటే ఆ గొడవే లేదు, పొద్దుపోయేదాకా షూటింగ్ చేసుకోవచ్చు. అందుకే అక్కడి సినిమాల్లో పదో తరగతి పిల్లలకి అంత నున్నటి చర్మం, అంత ఆత్మవిశ్వాసం. మనం ఇక్కడ మొటిమలకి టూత్‌పేస్ట్ రాసుకుంటూ "నేనెందుకు అలా లేను" అని ఏడ్చాం. అది పోటీయే కాదు తల్లీ. ఒకవైపు నువ్వు, ఇంకోవైపు ముప్ఫై ఏళ్ళావిడ.

'మీన్ గర్ల్స్' (2004) ఇంకా తమాషా. స్కూల్ రాణి రెజీనాగా వేసిన రేచల్ మెక్‌ఆడమ్స్ పుట్టింది 1978లో. ఆమెకి తల్లిగా వేసిన ఏమీ పోలర్ పుట్టింది 1971లో. ఏడేళ్ళ తేడా! ఈ సినిమాకి మూలం నవల కూడా కాదు, రోజలిండ్ వైజ్‌మన్ 2002లో తల్లిదండ్రుల కోసం రాసిన ఒక సలహాల పుస్తకం. ఆడపిల్లల గుంపుల్లో ఏం జరుగుతుందో వివరించే పుస్తకాన్ని టీనా ఫే కామెడీ చేసేసింది. మన దగ్గర పేరెంటింగ్ పుస్తకంలోంచి సినిమా తీస్తే రెండున్నర గంటలు "ఫోన్ పక్కన పెట్టు" అనే డైలాగే ఉంటుంది.

ఇప్పుడు 80ల్లోకి వెళ్దాం, అసలు కథ అక్కడుంది. జాన్ హ్యూస్ అని ఒక దర్శకుడు. మాలీ రింగ్‌వాల్డ్ అనే అమ్మాయి ఫొటో చూసి, ఆమెని దృష్టిలో పెట్టుకుని 'సిక్స్‌టీన్ కాండిల్స్' రాశాడు. 1984లో వచ్చింది. కథ ఒక్క ముక్క: అక్క పెళ్ళి హడావిడిలో చెల్లి పదహారో పుట్టినరోజు ఇంటిల్లిపాదీ మర్చిపోతారు. ఇది మనకి అర్థం కాకపోవడమేంటండీ? మన ఇళ్ళల్లో అక్క పెళ్ళంటే చెల్లి ఉందన్న సంగతే మర్చిపోతారు, పుట్టినరోజు దాకా ఎందుకు! మాలీకి షూటింగ్ నాటికి నిజంగానే 15. ఒక అసలైన టీనేజ్ అమ్మాయి తెర మధ్యలో నిలబడి చిరాకు పడటం అప్పట్లో కొత్త.

కానీ అదే సినిమాలో ఏముందో చూడండి. ఆసియా నుంచి వచ్చిన ఒక కుర్రాడు తెర మీదకి రాగానే గంట మోగుతుంది, జనం నవ్వాలన్నమాట. ఇంకా ఘోరం, అందరూ కలలుగనే ఆ అందగాడు హీరో, తాగి స్పృహలో లేని తన గర్ల్‌ఫ్రెండ్‌ని ఇంకో కుర్రాడి చేతిలో పెట్టి కారెక్కించి పంపేస్తాడు. అదీ కామెడీయే. 2018లో మాలీ రింగ్‌వాల్డ్ స్వయంగా న్యూయార్కర్ పత్రికలో ఒక వ్యాసం రాసింది. తన కూతురితో కలిసి హ్యూస్‌ది మరో సినిమా 'బ్రేక్‌ఫాస్ట్ క్లబ్' చూస్తుంటే తనకి ఎక్కడెక్కడ ఇబ్బందిగా అనిపించిందో చెప్పింది. ఆ సినిమాలని కొట్టిపారేయలేదు, వెనకేసుకూ రాలేదు. తన బాల్యాన్ని మళ్ళీ కూర్చుని చూడటం ఎంత కష్టమో నిన్న ఆ డీవీడీ చూశాక నాకూ తెలిసింది.

ఇక నాకు బాగా ఇష్టమైన సంగతి. 1986లో 'ప్రెటీ ఇన్ పింక్'. పేదింటి అమ్మాయి ఆండీ, డబ్బున్న కుర్రాడు బ్లేన్, చిన్నప్పటి నుంచి వెంటే తిరిగే స్నేహితుడు డకీ. హ్యూస్ రాసిన ముగింపులో ఆండీ డకీతో మిగులుతుంది. టెస్ట్ స్క్రీనింగ్ వేశారు. జనం ఒప్పుకోలేదు, మాకు డబ్బున్న కుర్రాడే కావాలన్నారు. మన సంబంధాల బ్రోకర్లు గుర్తొచ్చారా? నాకూ గుర్తొచ్చారు. సరే, క్లైమాక్స్ మళ్ళీ తీయాలి. కానీ బ్లేన్‌గా వేసిన ఆండ్రూ మెకార్తీ అప్పటికే ఒక నాటకం కోసం జుట్టు తీయించేసుకున్నాడు. ఏం చేస్తారు? విగ్ పెట్టారు. ఈసారి ఆ సినిమా చివర్లో అతని నెత్తి చూడండి. ప్రేమ గెలిచే ఆ ఘట్టంలో విగ్ ఓడిపోతుంటుంది.

హ్యూస్‌కి కసి తీరలేదనుకుంటా. మరుసటి ఏడాదే అదే దర్శకుడు హోవర్డ్ డ్యూచ్‌తో 'సమ్ కైండ్ ఆఫ్ వండర్‌ఫుల్' తీయించాడు. అవే మూడు పాత్రలు, ఆడా మగా తిరగేశాడు, ఈసారి స్నేహితురాలే గెలిచింది. ఒక అమ్మాయి ఎవరితో మిగలాలో మొదట రచయిత నిర్ణయించాడు, తర్వాత ప్రేక్షకులు నిర్ణయించారు. ఆండీని ఎవరైనా అడిగారా అంటే, ఆమె పాత్ర కదా, ఎలా అడుగుతారు అంటారు. నేనూ ఆ ఫంక్షన్లో పాత్రనే మరి.

1995లో ఏమీ హెకర్లింగ్ వచ్చి 'క్లూలెస్' తీసింది. జేన్ ఆస్టెన్ 1815 నాటి 'ఎమ్మా' నవలని బెవర్లీ హిల్స్ స్కూల్లో పెట్టేసింది. ఆస్టెన్ నవలలు మనకి పరాయివేం కావు. 'ప్రియురాలు పిలిచింది' అని టీవీలో చూశారే, అదీ ఆవిడ నవలే, 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'. క్లూలెస్‌లో నాకు నచ్చేదేంటంటే, షేర్ అనే ఆ అమ్మాయికి బట్టల పిచ్చి ఉంటుంది, తెలివీ ఉంటుంది, సినిమా ఆమెని రెంటిలో దేనికీ శిక్షించదు. మన దగ్గర లిప్‌స్టిక్ వేసుకున్న అమ్మాయికి సెకండాఫ్‌లో బుద్ధి రావాల్సిందే.

సరే, మనవాటి సంగతి. చిన్ని ఊరుకోదుగా, "తెలుగులో చెప్పు" అంది.

1978లో కె. రాఘవేంద్రరావు గారి 'పదహారేళ్ళ వయసు' వచ్చింది. భారతీరాజా తమిళంలో తీసిన '16 వయదినిలే'కి ఇది తెలుగు. మా అమ్మకి ప్రాణం ఆ సినిమా, చంద్రమోహన్ పేరెత్తితే ఇప్పటికీ ముక్కు చీదుతుంది. నేనూ కాదనను, ఒక పల్లెటూరి పిల్ల కలలు కేంద్రంగా ఉన్న కథ, తెలుగులో అరుదు. శ్రీదేవి పుట్టింది 1963 ఆగస్టు 13న. అంటే సినిమా విడుదలయ్యే నాటికి 15. చూశారా, అమెరికాలో 33 ఏళ్ళావిడ స్కూల్ పిల్ల, మన దగ్గర పదహారు నిండని పిల్ల పదహారేళ్ళ పిల్ల. ఈ ఒక్క విషయంలో మనమే నయం అనుకున్నాను.

అనుకుని పేజీ తిప్పాను. 1979 జులైలో 'వేటగాడు' వచ్చింది. అప్పటికీ శ్రీదేవికి పదహారు నిండలేదు. హీరో ఎన్టీఆర్ గారికి 56. ఆ పాటలు ఇప్పటికీ పెళ్ళి ఊరేగింపుల్లో మోగుతాయి, నేనూ డాన్స్ చేశాను. అంతకు ఏడేళ్ళ ముందు, 1972లో 'బడిపంతులు' సినిమాలో ఆ చిన్నారి ఆయనకి మనవరాలు. మనవరాలి నుంచి హీరోయిన్‌కి ఏడేళ్ళు. మధ్యలో పదమూడు, పద్నాలుగు అనే వయసులుంటాయి కదా, స్కూల్లో పక్కదానితో అలిగే వయసులు, ఏ పాటకో ఊరికే ఏడుపొచ్చే వయసులు. అవి ఆ పిల్ల ఎక్కడ గడిపిందో? సెట్‌లో. ఎన్టీఆర్ గారి ఒక్కరి సంగతి కాదిది, అప్పటి పరిశ్రమ పద్ధతే అది, ప్రేక్షకుల అలవాటూ అదే. మా అమ్మని అడిగితే "మేమెప్పుడూ లెక్క వేయలేదే" అంది. ఆ రోజు సాయంత్రం దాకా మళ్ళీ ఏమీ మాట్లాడలేదు.

తర్వాత 2000లో తేజ 'చిత్రం' వచ్చింది, 'నువ్వు నేను', 'జయం' వరస కట్టాయి. అందరూ టీనేజ్ వాళ్ళే, కానీ కథ నడిచేది అబ్బాయి బైక్ మీద. అమ్మాయి వెనక సీట్లో.

అయినా మన దర్శకులనీ పూర్తిగా తప్పు పట్టలేం. తెలుగు అమ్మాయి పదహారూ పదిహేడూ ఏళ్ళు ఎక్కడుంటుంది? ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో. నేను చదివిన చోట పొద్దున ఐదుకి స్టడీ అవర్, రాత్రి పదిన్నరకి స్టడీ అవర్, మధ్యలో క్లాసులు, ఆదివారం వీక్లీ టెస్ట్. కిటికీకి మెష్. సినిమా తీస్తే ఏం చూపిస్తారు? ఇంటర్వెల్‌కి సాంబార్ నీళ్ళగా ఉందని తెలుస్తుంది, క్లైమాక్స్‌లో ర్యాంకు వస్తుంది. మా రూమ్మేట్ ఒకమ్మాయి రోజూ రాత్రి దుప్పట్లో దూరి, చూసిన సినిమాలు సీన్ సీన్ చెప్పేది. వాటిలో సగం ఆమె చూసినవి కావు, సొంతంగా అల్లినవి. అది ఇంటికెళ్ళిపోయాక తెలిసింది. అంతకన్నా మంచి టీనేజ్ సినిమా నేను ఇంతవరకూ చూడలేదు.

చివరిగా రెండు సినిమాలు, చిన్నితో కూర్చుని చూసినవి. ఒకటి డోమీ షీ తీసిన 'టర్నింగ్ రెడ్' (2022). 2002 నాటి టొరంటో, పదమూడేళ్ళ మే, కోపమొచ్చినా సంతోషమొచ్చినా పెద్ద ఎర్ర పాండా అయిపోతుంది. వాళ్ళమ్మ శానిటరీ ప్యాడ్స్ పట్టుకుని ఏకంగా స్కూల్‌కే వచ్చేస్తుంది. నేను పగలబడి నవ్వాను. చిన్ని నవ్వలేదు. "వాళ్ళమ్మ స్కూల్‌కే కదా వచ్చింది, మనకి సెంటర్లో ఫ్లెక్సీ కడతారు" అంది. నిజమే. మా ఫ్లెక్సీలో నా ఫొటో కన్నా వార్డు లీడర్ ఫొటో పెద్దది.

రెండోది బో బర్న్‌హమ్ 'ఎయిత్ గ్రేడ్' (2018). కేలా అనే పిల్ల ధైర్యంగా ఎలా ఉండాలో వీడియోలు చేస్తుంటుంది, వాటిని చూసేవాళ్ళు దాదాపు ఎవరూ ఉండరు. (నా మొదటి పది ఎపిసోడ్లు గుర్తొచ్చి గొంతు ఎండిపోయింది.) ఆ పాత్ర వేసిన ఎల్సీ ఫిషర్ అప్పుడే నిజంగా ఎనిమిదో తరగతి ముగించి వచ్చింది. ముఖాన మొటిమలు దాచలేదు. గ్రీజ్ వచ్చిన నలభై ఏళ్ళకి, చివరికి ఒక అసలు పిల్ల. అమెరికా సెన్సార్ రేటింగ్ ఏమిచ్చిందో తెలుసా? ఆర్. పదిహేడు నిండని వాళ్ళు పెద్దవాళ్ళు తోడు లేకుండా చూడకూడదు. ఎనిమిదో తరగతి మీద తీసిన సినిమాకి ఎనిమిదో తరగతి వాళ్ళకే టికెట్ లేదు! విడుదల చేసిన ఏ24 కంపెనీ ఒక రోజు రాత్రి ప్రతి రాష్ట్రంలో ఒక థియేటర్లో రేటింగ్ పట్టించుకోకుండా ఉచితంగా వేసింది.

స్విమ్మింగ్ పూల్ పార్టీ సీన్లో చిన్ని దిండు ముఖానికి అడ్డం పెట్టుకుని "ఆపు, ఆపు" అంది. ఆపాను. ఒక నిమిషం ఆగి, "సరే, వెయ్యి" అంది. ఆ తర్వాత సినిమా అయిపోయేదాకా ఫోన్ ముట్టుకోలేదు.

వచ్చే నెల చిన్నికి ఓణీల ఫంక్షన్. హాల్ బుక్ అయింది, డ్రోన్ కూడా మాట్లాడారు. చిన్ని పిన్నికి రెండు షరతులు పెట్టింది. ఫ్లెక్సీ వద్దు, వీడియో ఎడిటింగ్ తనే చేస్తుంది. ఫ్లెక్సీ దగ్గర పిన్ని ఇంకా దిగిరాలేదు, బాబాయి ఆఫీసులో అందరూ ఏమనుకుంటారట. ఎడిటింగ్‌కి మాత్రం ఒప్పుకుంది, "మామయ్య నడిచొచ్చే సీన్ తీసేయకూడదు" అన్న షరతు మీద. ఉంచుతానంది చిన్ని. ఒక్కసారే, మామూలు స్పీడ్‌లో.