గ్రే మార్కెట్ చిన్న ట్రాక్టరు: కొనే ముందు, కొన్న తరువాత తెలుసుకోవలసినవి

జపాన్‌లోని వరిమడుల కోసం తయారై, అక్కడ కొన్నేళ్లు పనిచేసి, ఆ తరువాత ఓడ ఎక్కి మరో దేశానికి చేరే చిన్న ట్రాక్టర్లను వ్యాపార పరిభాషలో ‘గ్రే మార్కెట్’ ట్రాక్టర్లు అంటారు. ఇంజన్లు మన్నికైనవి, ధర కొత్తదానితో పోలిస్తే చాలా తక్కువ. అందుకే అమెరికాలో ఐదారు ఎకరాల భూమి గలవారు మొదలుకొని వియత్నాం, థాయిలాండ్, మయన్మార్ రైతుల దాకా వీటిని కొన్నవారు అనేకులు. అయితే విడిభాగాలు, చదవగలిగిన హెచ్చరికలు, బాధ్యత వహించే డీలరు అనే మూడూ ఈ యంత్రంతో పాటు రావు. చౌకగా కొన్నవారు నష్టపోయినా, ప్రమాదాల పాలైనా అందుకు కారణం ఎక్కువగా ఈ మూడింటి కొరతే.

గ్రే మార్కెట్ అంటే దొంగ సరుకు కాదు

గ్రే మార్కెట్ సరుకు నకిలీ కాదు, దొంగిలించినదీ కాదు. అసలు కంపెనీయే తయారు చేసినది. కాని ఒక దేశంలో అమ్మకానికి ఉద్దేశించిన వస్తువును, తయారీదారు అనుమతి లేకుండా స్వతంత్ర వ్యాపారులు మరో దేశానికి తరలించి అమ్ముతారు. అది చట్టబద్ధమా కాదా అనేది ఆయా దేశాల ట్రేడ్‌మార్కు చట్టం, దిగుమతి నిబంధనలను బట్టి ఉంటుంది.

ఈ ట్రాక్టర్ల మూలం జపాన్ సేద్యంలోనే ఉంది. ఒసాకాలో 1890లో ప్రారంభమైన కుబోటా, అదే నగరంలో 1912లో మొదలైన యన్మార్, మత్సుయామాలో 1926లో నెలకొన్న ఇసెకి ఈ రంగంలో ప్రధాన సంస్థలు. యన్మార్ 1933లో వాడుకకు అనువైన చిన్న డీజిల్ ఇంజన్‌ను రూపొందించింది. కుబోటా 1960లో సేద్యపు ట్రాక్టరును తయారు చేసింది. జపాన్ కమతాలు చిన్నవి కాబట్టి ట్రాక్టరు కూడా చిన్నదిగా, బురదలో దిగబడకుండా నాలుగు చక్రాలూ తిరిగేదిగా, వెనుక రోటావేటరుతో దమ్ము చేయడానికి వీలుగా నెమ్మదైన గేర్లతో తయారైంది. ఏడాదికి కొద్ది రోజులే పని ఉండటంతో చాలా బండ్లు తక్కువ గంటలే తిరిగాయి. ఇరవై ఏళ్ల నాటి ట్రాక్టరు కూడా ఎగుమతికి పనికిరావడానికి ఇదే కారణం.

జపాన్ కంపెనీలు అమెరికాకు కొత్త ట్రాక్టర్లను కూడా అమ్మాయి. కుబోటా 1969లో ఆ మార్కెట్‌లో ప్రవేశించగా, యన్మార్ తయారు చేసిన చిన్న ట్రాక్టర్లు 1977 నుంచి జాన్ డీర్ పేరుతో అమ్ముడయ్యాయి. ఒకే కర్మాగారం నుంచి అమెరికా కోసం ఒక నమూనా, జపాన్ కోసం మరో నమూనా వెలువడేవి. చూపుకు కవలల్లా ఉన్నా వీటి మధ్య తేడాలున్నాయి. గ్రే మార్కెట్ వివాదం ఆ తేడాల చుట్టూనే నడిచింది.

కోర్టు చెప్పిన మాట

పాత కుబోటా ట్రాక్టర్ల దిగుమతిపై ఆ సంస్థ అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌ను ఆశ్రయించింది. ఇది ట్రేడ్‌మార్కు ఉల్లంఘనేనని 1997లో కమిషన్ నిర్ణయించి దిగుమతిని నిషేధించింది. 1999లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఈ నిర్ణయాన్ని సమర్థించింది. పాత సరుకు అని తెలిసే కొంటారు కాబట్టి కొనేవారు మోసపోయే అవకాశం లేదని దిగుమతిదారులు వాదించారు. ఆ వాదన నిలబడలేదు. చక్రాల మధ్య దూరం, పి.టి.ఓ. వేగాలు వంటి నిర్మాణ భేదాలతో పాటు, హెచ్చరికలు ఆంగ్లంలో కాక జపనీస్‌లో ఉండటం, అధీకృత డీలర్ల వద్ద విడిభాగాలు, మరమ్మతు సేవ లభించకపోవడం కూడా ముఖ్యమైన తేడాలేనని కోర్టు పరిగణించింది.

ఆ తీర్పు కుబోటా ముద్రకు సంబంధించినది. ఇతర కంపెనీల పాత ట్రాక్టర్లు ఆ తరువాత కూడా మార్కెట్‌లోకి వచ్చాయి. అయితే అక్కడ 50 హెచ్‌పీ లోపు డీజిల్ ఇంజన్లకు 1999, 2000 సంవత్సరాల నుంచి కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. అందువల్ల తయారీ సంవత్సరం కూడా దిగుమతిలో కీలకమైంది.

చూడవలసిన క్రమం

మొదట పేరు పలకను చదవాలి. యన్మార్ నమూనాలో చివర ‘డి’ అనే అక్షరం, కుబోటాలో ‘డీటీ’ ఉంటే అది నాలుగు చక్రాల చాలనం గలది. యన్మార్ ఇంజన్‌పై ఉండే 3టీ84 వంటి సంకేతంలో మొదటి అంకె సిలిండర్ల సంఖ్యను, చివరి అంకెలు సిలిండరు వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తెలుపుతాయి. విడిభాగాలు వెతికేటప్పుడు బానెట్‌పై రాసిన పేరు కన్నా ఈ సంకేతమే ఎక్కువ ఉపయోగపడుతుంది.

రంగును చూసి మురిసిపోరాదు. జపాన్ నుంచి నేరుగా కాక, వియత్నాం వంటి చోట్ల కొత్త రంగులద్దుకుని వచ్చే బండ్లూ ఉన్నాయి. బోల్టుల తలలపైన, రబ్బరు గొట్టాలపైన, ఆయిల్ సీళ్ల అంచులపైన కూడా రంగు పడి ఉంటే, విప్పి బాగు చేయకుండా పైపైన పిచికారీ చేశారని అర్థం. గంటల మీటరును మార్చడం తేలిక. క్లచ్ పెడల్ అరుగుదల, స్టీరింగ్ ఆట, డ్రాబార్ రంధ్రం సాగిన తీరు బండి వయసును మరింత నిజాయితీగా చెబుతాయి.

కొనేవారు వచ్చే సరికి ఇంజన్ చల్లగా ఉండాలి. ముందే వేడి చేసి ఉంచితే కారణం అడగాలి. చల్లని ఇంజన్ స్టార్ట్ అయిన కొద్దిసేపు తెల్లటి పొగ రావడం సహజమే. నీలిపొగ ఆగకుండా వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్లు. పనిభారం లేకుండానే నల్లపొగ వస్తే ఇంజెక్టర్లను, గాలి ఫిల్టరును అనుమానించాలి. ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీసి చూసినప్పుడు పొగ ఉబుకుతుంటే పిస్టన్ రింగులు అరిగినట్లు. రేడియేటరు మూతను మాత్రం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి. నీటిపై నూనె తెట్టె కనిపిస్తే ఆ బేరం వదులుకోవడం మంచిది.

వరిమడి నుంచి వచ్చిన బండికి ముందు ఇరుసు అత్యంత బలహీనమైన చోటు. బురద, నీరు ఆయిల్ సీళ్లను తిని లోపలికి దిగుతాయి. ముందు ఇరుసు ఆయిల్‌ను కొద్దిగా వదిలి చూసినప్పుడు పాలరంగు కనిపిస్తే నీరు కలిసినట్లు. గేరుపెట్టె ఆయిల్‌కూ ఇదే పరీక్ష చేయాలి. చాలా చిన్న ట్రాక్టర్లలో గేరుపెట్టె, హైడ్రాలిక్ వ్యవస్థ ఒకే ఆయిల్‌తో పనిచేస్తాయి కాబట్టి ఆ నీరు హైడ్రాలిక్ పంపును కూడా పాడు చేస్తుంది. వెనుక డ్రమ్ము బ్రేకులను విడివిడిగా, ఆపై రెండింటినీ కలిపి తొక్కి చూడాలి.

ఆ తరువాత ప్రతి గేరునూ, పి.టి.ఓ. ప్రతి వేగాన్నీ పరీక్షించాలి. బరువైన పనిముట్టును ఎత్తి ఇంజన్ ఆపాలి. అది వెంటనే కిందికి జారిపోతే లిఫ్టు సీళ్లు అరిగినట్లు. క్లచ్ జారుతున్న ట్రాక్టరును చౌక అని తీసుకోరాదు. క్లచ్ ప్లేటు మార్చాలంటే బండిని నడుమ నుంచి రెండుగా విడదీయాలి. ప్లేటు ధర కన్నా కూలి ఎక్కువవుతుంది. ముందు టైర్లు కంపెనీ సూచించిన పరిమాణంలోనే ఉన్నాయో లేదో చూడాలి. ముందు వెనుక చక్రాల నిష్పత్తి తప్పితే నాలుగు చక్రాల చాలనంలో గేర్లు ఒకదానితో ఒకటి పోరాడి విరుగుతాయి. గట్టి రోడ్డుపై ఆ చాలనం వాడరాదన్న నియమానికీ ఇదే కారణం.

ప్రాణాలకు సంబంధించిన నాలుగు విషయాలు

మొదటిది బోల్తా రక్షణ చట్రం. ట్రాక్టరు తిరగబడినప్పుడు డ్రైవరును కాపాడే ఈ చట్రాన్ని కొత్త ట్రాక్టర్లకు స్వీడన్ 1959లోనే తప్పనిసరి చేసింది. అమెరికాలో 1976 అక్టోబరు తరువాత తయారై, ఉద్యోగులు నడిపే 20 హెచ్‌పీ మించిన ట్రాక్టర్లకు ఇది నిబంధన అయింది. పాత జపాన్ బండ్లలో చాలావాటికి ఈ చట్రం ఉండదు. మడుల కోసం చేసిన ఈ బండ్ల చక్రాల మధ్య వెడల్పు తక్కువ కాబట్టి వాలు నేలపై పక్కకు ఒరిగే ప్రమాదం ఎక్కువ. వీధి చివర వెల్డింగ్ దుకాణంలో పైపులు వంచి చేసిన చట్రం నమ్మదగినది కాదు. పరీక్షించి ధ్రువీకరించిన చట్రాన్నే బిగించాలి. చట్రం ఉన్నప్పుడు సీటు బెల్టు పెట్టుకోవాలి, లేనప్పుడు పెట్టుకోరాదు.

రెండవది పి.టి.ఓ. ప్రామాణిక పనిముట్లు నిమిషానికి 540 చుట్ల వేగానికి తయారవుతాయి. అంటే సెకనుకు 9 చుట్లు. పైపంచె, చున్నీ చిక్కుకుంటే చేయి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు. జపాన్ బండ్లలో మూడు, నాలుగు పి.టి.ఓ. వేగాలుంటాయి. పైవేగాలు 1000 దాటేవీ ఉన్నాయి. జపనీస్‌లో రాసిన అంకెల అమరిక తెలియక పై గేరులో పెడితే గడ్డికోత యంత్రం పళ్లు ఎగిరిపడవచ్చు. వేగాన్ని కొలిచి, లీవరు పక్కన సొంత భాషలో రాసి అంటించుకోవాలి. షాఫ్టుపై రక్షణ కవచం లేకుండా నడపరాదు.

మూడవది, వెనుక పనిముట్టు ట్రాక్టరును ముందుకు తోయడం. చాలా పాత నమూనాల్లో పి.టి.ఓ. గేరుపెట్టె ద్వారానే తిరుగుతుంది. డ్రైవరు క్లచ్ తొక్కినా, బరువైన కోత యంత్రం తన వేగంతో తిరుగుతూ చక్రాలను ముందుకు నెడుతుంది. గట్టు చివర, కాలువ అంచున బండి ఆగకపోవడానికి ఇదే కారణం. షాఫ్టుపై ఒకవైపుకే శక్తినిచ్చే క్లచ్‌ను అమరిస్తే ఈ ప్రమాదం తప్పుతుంది.

నాలుగవది లాగే చోటు. గొలుసును డ్రాబార్‌కే తగిలించాలి. ఇరుసుకు గాని, పై లింకుకు గాని కట్టి లాగితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి పల్టీ కొడుతుంది.

కొన్న తరువాత సంరక్షణ

పాత యజమాని ఏ ఆయిల్ ఎప్పుడు మార్చాడో తెలియదు కాబట్టి, మొదటి వారంలోనే ఇంజన్ ఆయిల్, దాని ఫిల్టరు, గేరుపెట్టె ఆయిల్, ముందు ఇరుసు ఆయిల్, రేడియేటరు నీరు, డీజిల్, గాలి ఫిల్టర్లు మార్చాలి. ఆ తేదీని, గంటలను ఒక పుస్తకంలో రాసుకోవాలి. ముందు ఇరుసు మధ్య పిన్నుకు, స్టీరింగ్ కీళ్లకు క్రమం తప్పక గ్రీజు పెట్టాలి. పని ముగిశాక ట్యాంకు నింపి ఉంచితే లోపలి తేమ నీరుగా మారదు. డీజిల్ గిన్నెలో చేరిన నీటిని ఎప్పటికప్పుడు వదలాలి.

ట్యాంకు ఖాళీ అయితే డీజిల్ గొట్టాల్లో గాలి చేరి ఇంజన్ స్టార్ట్ కాదు. ఫిల్టరు పైనున్న స్క్రూను వదులు చేసి, బుడగలు లేకుండా డీజిల్ కారే దాకా ఉంచి బిగించాలి. ఇంజెక్టర్ గొట్టంలో కారుడును వేలితో వెతకరాదు. అధిక పీడనంతో వచ్చే డీజిల్ చర్మంలోకి దిగుతుంది. చలికాలంలో ఈథర్ వంటి స్ప్రేలు వాడటం మరో పొరపాటు. హీటరు గల ఇంజన్‌లో అది పేలుడుకు దారి తీయవచ్చు.

విడిభాగాల కొరతకు సగం పరిష్కారం బేరింగుల దుకాణంలో దొరుకుతుంది. బేరింగుల కొలతలు అంతర్జాతీయ ప్రమాణాలకు లోబడి ఉంటాయి. 6205 అని రాసి ఉన్నది ఏ దేశంలో కొన్నా లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 52, మందం 15 మిల్లీమీటర్లే. ఆయిల్ సీళ్లపై కూడా కొలతలు ఉంటాయి. అరిగిన భాగం పారేసే ముందు ఆ సంఖ్యలు రాసుకోవాలి. గేర్లు, క్రాంక్ షాఫ్టు, ఇరుసు పెట్టె వంటివి మాత్రం ఆ నమూనాకే పరిమితం. ఇవి సరఫరా చేసేవారున్నారని తేలిన తరువాతే బండికి బయానా ఇవ్వాలి.

తెలుగు రాష్ట్రాల రైతుకు

బత్తాయి, నిమ్మ, మామిడి తోటల్లో అంతరకృషికి చిన్న ట్రాక్టరు అవసరం మన వద్దా ఉంది. అయితే దీనికి జపాన్ పాత బండి కోసం వెతకనక్కరలేదు. జపాన్ సాంకేతికత దేశీయ కర్మాగారాల ద్వారానే వచ్చింది. వీఎస్టీ సంస్థ మిత్సుబిషి సహకారంతో ప్రారంభమైంది. సొనాలికా సమూహంలో యన్మార్‌కు భాగస్వామ్యం ఉంది. మహీంద్రా సంస్థ జపాన్ భాగస్వామితో కలిసి రూపొందించి, 2023 ఆగస్టు 15న ఆవిష్కరించిన ఓజా శ్రేణి ట్రాక్టర్లు తెలంగాణలోని జహీరాబాద్‌లో తయారవుతున్నాయి.

పాత బండి కొనేటప్పుడు పరీక్షలు ఇక్కడా అవే. వాటికి తోడు పత్రాలు చూడాలి. ఇంజన్, చాసిస్ నంబర్లు ఆర్‌సీతో సరిపోవాలి. బ్యాంకు రుణం ఉంటే అది తీరినట్లు ఫారం 35, యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 కావాలి. వేరే రాష్ట్రం బండికి ఫారం 28తో నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. రాష్ట్రంలోపల అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతోంది. ఇది లాంఛనం కాదు. బండి చేతులు మారినా రికార్డులో పేరున్న వ్యక్తే యజమాని అని, ప్రమాద పరిహారానికి ఆయనే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తీర్పు ఇచ్చింది.

అమెరికాలో తోట కొన్న తెలుగువారైనా, అనంతపురం రైతైనా బేరానికి ముందు వేసుకోవలసిన ప్రశ్నలు మూడు. రేపు గేరు విరిగితే అది ఎక్కడ దొరుకుతుంది? ఈ బండి తిరగబడితే డ్రైవరును కాపాడేది ఏమిటి? దీని పత్రాల్లో ఎవరి పేరుంది? మూడింటికీ సమాధానం దొరికిన పాత ట్రాక్టరు తక్కువ ధరకు వస్తే అది మంచి బేరమే. ఒక్కదానికి దొరకకపోయినా, తగ్గిన ధరను ఆ తరువాత మరో రూపంలో చెల్లించవలసి వస్తుంది.