మాగ్డెబర్గు నగరాధ్యక్షుడు



నేను ఉపాధ్యాయత్వము చేసిన దినములలో గాజులోటా నిండ నీరు పోసి, పైన కాగితము కప్పి, తలక్రిందులుగ పట్టి చూపెడివాడను. నీరు జారదు. బాలురు విస్తుపోయెడివారు. గాలియే దానిని మోయుచున్నదని చెప్పి, ఒట్టో ఫాన్ గెరికె యను పేరు నల్లబల్లపై వ్రాసెడివాడను. ఆయన యెవరో మాత్రము ఒక్కనాడును చెప్పినవాడను గాను. అప్పటికి నాకును తెలియదు. ఆ లోపమును నేడు తీర్చుకొనదలచితిని.

జర్మనీ దేశమున ఎల్బే నదీతీరమున మాగ్డెబర్గు పట్టణము కలదు. గెరికె 1602లో అందు జన్మించెను. న్యాయశాస్త్రము చదివి, పిమ్మట హాలండులోని లైడెనులో గణితమును, కోటలు కట్టు విద్యను అభ్యసించెను. 1626లో పురసభలో చేరి కట్టడముల పని చూచుచుండెను. ముప్పదేండ్ల మతయుద్ధము సాగుచుండగా, 1631 మే నెలలో చక్రవర్తి సేనలు పట్టణమును పట్టుకొనెను. ఊరు దోపిడికిని అగ్నికిని ఆహుతియయ్యెను. ఇంచుమించు 20,000 మంది మడిసిరి. గెరికె బందీయై, సొమ్ము చెల్లించి విడుదల నొందెను. మరుసటి యేట తిరిగివచ్చి, ఆ బూడిదలోనే కొలతలు తీసి పట్టణపు పటమును వ్రాసెను. ఇండ్లు కాలిన పిదప హద్దులు తేలకున్న నేమగునో మీ వంటి పెద్దలకు నేను చెప్పనేల!

1646లో నగరాధ్యక్షులలో నొకడయ్యెను. ఏ సంస్థానాధిపతికిని లోబడక, చక్రవర్తికి మాత్రమే బద్ధమై యుండు హక్కు తన పట్టణమునకు కావలెనని రాజసభల చుట్టు తిరిగెను. 1654లో రేగెన్స్‌బర్గు సభకు పోయినదియు అందులకే. గాలిని తోడు యంత్రమును అచ్చట మూడవ ఫెర్డినాండు చక్రవర్తికి చూపెను. ఊరిని నాశనము చేసిన సేనల యేలిక కుమారుడే యీ ఫెర్డినాండు!

ఆ యంత్రము ఒక్కనాట కుదిరినది కాదు. మొదట చెక్కపీపాలో నీరు నింపి తోడించెను. సందులనుండి గాలి చొరబడెను. అందుచే రాగి పాత్రలకు దిగెను. 1657లో మాగ్డెబర్గున మూరెడు వెడల్పుగల రెండు రాగి అర్ధగోళములను, నడుమ మైనము పట్టించిన తోలుచుట్టతో కలిపి, లోని గాలిని తోడించి, ఇరుప్రక్కల ఎనిమిదేసి గుఱ్ఱములను కట్టించి లాగించెను. పదునారు గుఱ్ఱములకును అవి లొంగుట దుర్లభమయ్యెను. కుళాయి త్రిప్పి గాలిని లోనికి విడిచినచో చేతితోనే విడివడును.

పట్టణపు హక్కు మాత్రము దక్కలేదు. 1666లో బ్రాండెన్‌బర్గు ప్రభువు దండెత్తి రాగా, మాగ్డెబర్గు ఆయనకు విధేయమై, ఆయన సైన్యమును లోన నిలుపుకొనవలసివచ్చెను. ఆ యేడే చక్రవర్తి గెరికెకు కులీనపదవి నొసగెను. నేను నల్లబల్లపై వ్రాసిన 'ఫాన్' అను మాట అప్పటిదే. రెండును ఒక్క యేటనే రావలసెనా యని నాకు తోచును.

1672లో తన ప్రయోగములను లాటిను భాషలో గ్రంథముగ ప్రకటించెను. 1681లో మహామారి భయమున మాగ్డెబర్గు విడిచి, హాంబర్గులోని కుమారుని కడకు పోయెను. 1686లో అచ్చటనే కన్నుమూసెను.