బాస్కర్‌విల్ ముద్రణాక్షరం: స్వభావం, వినియోగం

1. ఉపోద్ఘాతం
అక్షరరేఖల కొసలలో చిన్న అడ్డగీతలు గల లాటిన్ లిపి ముద్రణాక్షరాలను సెరిఫ్ అక్షరాలంటారు. వాటిలో సున్నితమైన సొగసుకు పేరుపొందినది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జాన్ బాస్కర్‌విల్ (1706-1775) రూపొందించిన అక్షరం. తన కాలంలో కళ్ళకు హానికరమన్న నిందకు గురైన ఈ అక్షరమే 20వ శతాబ్దంలో గ్రంథముద్రణకు ఎంతో అనువైనదిగా గుర్తింపు పొందింది. అక్షరపు సౌకుమార్యం ఆకృతిలో మాత్రమే లేదనీ, కాగితం, సిరా, పాఠకుని అలవాటు కలిసి దానిని నిర్ణయిస్తాయనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

2. అక్షర స్వభావం
బాస్కర్‌విల్ తొలుత చేతివ్రాత బోధకుడు, శిలలపై అక్షరాలు చెక్కినవాడు. లక్కపూత వస్తువుల వ్యాపారంలో ధనం గడించి, 1750 ప్రాంతంలో ముద్రణ వైపు మళ్ళాడు. అతని నిర్దేశాల మేరకు జాన్ హ్యాండీ ఉక్కు కడ్డీల కొనలపై అక్షరాలు చెక్కాడు. విలియం కాస్లన్ అక్షరాలతో పోలిస్తే వీటిలో లావు గీతకూ సన్న గీతకూ భేదం ఎక్కువ. గుండ్రని అక్షరాల వాలు దాదాపు నిటారుగా, సెరిఫ్‌లు పదునుగా ఉంటాయి. పెద్ద 'క్యూ' తోకలోనూ, చిన్న 'జి' అక్షరపు మూసుకోని కింది వలయంలోనూ కలం జాడ స్పష్టం.

3. ముద్రణ సాధనాలు
నాటి కాగితంపై తీగల చారలుండేవి. ఎగుడుదిగుడు తలంపై సన్నగీత విరిగిపోతుంది. అందువల్ల బాస్కర్‌విల్ సిరాను స్వయంగా తయారుచేసుకొని, ముద్రిత పత్రాలను వేడి రాగి పలకల నడుమ నొక్కించాడు. 1757లో వెలువరించిన వర్జిల్ కావ్యసంపుటిలో కొంత భాగానికి చారలులేని నున్నని కాగితం వాడాడు. 1763లో కేంబ్రిడ్జిలో బైబిలు ముద్రించాడు.

4. విమర్శ
ఈ అక్షరాలు దేశంలోని పాఠకులందరినీ అంధులను చేస్తాయని ఒక వ్యక్తి ఆక్షేపించగా, బెంజమిన్ ఫ్రాంక్లిన్ అతనికి కాస్లన్ నమూనాపత్రాన్ని పేరున్న భాగం చించివేసి, బాస్కర్‌విల్‌దని చూపాడు. ఆ వ్యక్తి అందులోనూ అవే దోషాలు ఎంచాడు. 1760లో ఫ్రాంక్లిన్ బాస్కర్‌విల్‌కు వ్రాసిన లేఖలోని ఈ వృత్తాంతం, కంటి ఫిర్యాదులో అలవాటుకూ పూర్వాభిప్రాయానికీ ఉన్న పాత్రను తెలుపుతుంది.

5. పునరుద్ధరణ
బాస్కర్‌విల్ మరణానంతరం 1779లో అతని భార్య సారా నుండి ఈ అక్షర సామగ్రిని ఫ్రెంచి నాటకకర్త బోమార్షే కొన్నాడు. కేల్ పట్టణంలో వోల్టేర్ రచనల ముద్రణకు వాటిని వినియోగించాడు. తరువాత దిదో, బొదోనీ అక్షరాలు లావు-సన్నం భేదాన్ని మరింత పెంచాయి. వాటికి అలవాటుపడిన కంటికి బాస్కర్‌విల్ మితంగానే తోచడం సహజం. 1917లో బ్రూస్ రోజర్స్ కేంబ్రిడ్జిలో దీని విలువను గుర్తించాడు. 1923లో మోనోటైప్ సంస్థ పునఃసృష్టించింది. మూల ఉక్కు అచ్చులు 1953లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయానికి చేరాయి.

6. ముగింపు
విశాలమైన అంచులు, తగిన పంక్తి వ్యవధి, నున్నని కాగితం ఉన్న కావ్యాలకు, చరిత్ర గ్రంథాలకు, దీర్ఘపఠనానికి ఈ అక్షరం మిక్కిలి అనుకూలం. ముతక కాగితంపై చిన్న అధోసూచికలకు, నాసిరకం తెరలకు తగదు. పెద్ద పరిమాణపు నమూనా నుండి తీసిన డిజిటల్ రూపాన్ని చిన్నదిగా వాడితే సన్నగీతలు మాయమవుతాయి. కనుక ముద్రణాక్షర చరిత్రను అధ్యయనం చేసేవారు అక్షర నమూనాలతో తృప్తిపడక, ముద్రిత పుటనే ప్రధాన ఆధారంగా గ్రహించాలి.